కొండే యాంటెన్నా



ఇంగ్లండులో మాంచెస్టరుకూ షెఫీల్డుకూ నడుమ కిండర్ స్కౌట్ అని ఒక కొండ ఉంది. ఎత్తు 636 మీటర్లు. మన హార్స్‌లీ కొండలు దీనికి ఇంచుమించు రెట్టింపు ఎత్తు. పోనీ చూడ్డానికి గొప్పగా ఉంటుందా అంటే, శిఖరమని చూపించడానికి ఒక కొన కూడా లేదు. పైనంతా బల్లపరుపు. వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకుపోయిన నల్లటి బురద నేల, మధ్యమధ్య గాలికీ వానకీ అరిగి చిత్రమైన ఆకారాలు తిరిగిన ఇసుకరాతి బండలు. సెలవురోజున అక్కడికి వెళితే నడకకు వచ్చినవాళ్లు చాలామందే కనిపిస్తారు. వాళ్లలో అప్పుడప్పుడు ఒక విచిత్రమైన మనిషి తగులుతాడు. బండ చాటున కూర్చుని ఉంటాడు. పక్కన ఐదారు మీటర్ల గెడ నిలబెట్టి, దాని కొస నుంచి సన్నటి తీగ రెండు వైపులా నేలకు దించి ఉంటాడు. మోకాలి మీద చిన్న పుస్తకం, చేతిలో పెన్సిలు, ఒళ్లో టిఫిన్ డబ్బా అంత పెట్టె. ఆ పెట్టెతో మాట్లాడుతుంటాడు. గెడ అన్నాను గానీ, అది నిజానికి చేపలు పట్టే గేలపు కర్ర. ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూరి, సంచిలో పట్టేంతగా ముడుచుకుంటుంది. దారినపోయేవాళ్లు ఆగి, "ఏమన్నా పడ్డాయా?" అని అడుగుతారు. ఆ హాస్యం ఆ రోజుకి ఎన్నోసారి విన్నా, మొదటిసారి విన్నట్టు నవ్వడం మర్యాద.

ఆయన హ్యామ్. అంటే లైసెన్సు పుచ్చుకుని, లాభాపేక్ష లేకుండా, సొంత సరదా కోసం రేడియో నడిపే మనిషి. కొండ మీద ఆయన ఆడుతున్న ఆట పేరు సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్. పొట్టిగా సోటా అంటారు. 2002 మార్చి 2న బ్రిటన్‌లో మొదలైంది. జాన్ లిన్‌ఫర్డ్, రిచర్డ్ న్యూస్టెడ్ అనే ఇద్దరు హ్యామ్‌లు దీనికి ఆద్యులు. ఇంగ్లండు, వేల్స్ కొండలతో మొదలైన ఆట ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. అందులో రెండు పక్షాలు. కొండెక్కి పిలిచేవాడు యాక్టివేటర్. ఇంట్లో కూర్చుని ఆ పిలుపు వెతికి పట్టుకుని బదులిచ్చేవాడు చేజర్. ఇద్దరికీ పాయింట్లున్నాయి. కొండ ఎత్తును బట్టి 1 నుంచి 10 దాకా ఇస్తారు. యాక్టివేటరుకి 1000 పాయింట్లు వస్తే మౌంటెన్ గోట్ అని, అంటే కొండమేక అని బిరుదు. చేజరుకి 1000 వస్తే ష్యాక్ స్లాత్. ష్యాక్ అంటే హ్యామ్ తన రేడియో పెట్టుకునే గది. స్లాత్ అంటే దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టుకు వేలాడుతూ కదలకుండా బతికే జంతువు. తమను తాము వెక్కిరించుకోవడంలో బ్రిటన్‌వాళ్లది అందె వేసిన చెయ్యి. బహుమతి డబ్బేమీ లేదు. ఒక కొండ ఎక్కినందుకు ఏడాదిలో ఒక్కసారే పాయింట్లు, కాబట్టి ఇంటి వెనక గుట్టనే రోజూ ఎక్కి కొండమేక అయిపోదామంటే కుదరదు.

నిబంధనలు చూస్తే, ఈ ఆట కట్టినవాళ్లకు కొండ మీద ఎంత గౌరవమో తెలుస్తుంది. ఏ మిట్టంటే ఆ మిట్ట పనికిరాదు. దాని మీద నుంచి అంతకన్నా ఎత్తయిన మరో కొండకు వెళ్లాలంటే మధ్యలో కనీసం 150 మీటర్లు దిగి మళ్లీ ఎక్కాల్సి రావాలి. అలాంటిదే లెక్కలోకి వచ్చే కొండ. ఈ కొలత వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో ఇలా విడిగా నిలబడ్డ కొండలన్నిటినీ ఏరి అలన్ డాసన్ 1992లోనే జాబితా కట్టాడు. ఇక శిఖరం నుంచి 25 మీటర్ల లోతు దాటకుండా కూర్చోవాలి. ఆ పరిధిలోకి చివరి ప్రయాణం మోటారు బండి లేకుండా సాగాలి. కారులో పైదాకా వెళ్లి కిటికీలోంచి మాట్లాడితే లెక్కకు రాదు. కరెంటు కూడా మోసుకెళ్లిందే అయివుండాలి. బ్యాటరీ సరే, సోలార్ పలక సరే, పెట్రోలు జనరేటరు కూడదు. ఇన్ని చేసి, కనీసం నలుగురు వేరువేరు హ్యామ్‌లతో మాట్లాడితేనే పాయింట్లు. నిజంగా ఎక్కాడా లేదా అని చూడ్డానికి ఎవరూ రారు. మాట మీద నడిచే ఆట.

ఇంత శ్రమ ఎందుకు, జేబులో ఫోను లేదా అని మీకు అనిపించవచ్చు. ఫోనూ ఉంటుంది, కిండర్ మీద సిగ్నలూ చాలా చోట్ల దొరుకుతుంది. కానీ తెలుగువాళ్లం ఈ ప్రశ్న అడక్కూడదు లెండి. అలిపిరి దగ్గర 3,550 మెట్లు. ఘాట్ రోడ్డు మీద నిమిషానికో బస్సు. అయినా మెట్ల దారిలో వెళ్లేవాణ్ణి పట్టుకుని "బస్సుండగా ఇదేం పనయ్యా" అని మనలో ఎవరూ అడగరు. నడిచి చేరడం ఒక లెక్క, బస్సులో చేరడం ఇంకో లెక్క అని చంటిపిల్లలకు కూడా తెలుసు.

కిండర్ స్కౌట్ మీద నడవడానికే ఒకప్పుడు జైలుకు వెళ్లారు, ఆ సంగతి కూడా చెప్పాలి. ఆ కొండలన్నీ జమీందార్ల సొత్తు. గ్రౌస్ అనే పిట్టను వేటాడే సరదా కోసం వాటిని కాపలా పెట్టి ఉంచేవారు. వారమంతా మాంచెస్టరు మిల్లుల్లో పొగ పీల్చిన కూలీలకు కళ్లెదుట కనిపించే కొండ మీద కాలు పెట్టే హక్కు లేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే కుర్రాడి నాయకత్వంలో సుమారు 400 మంది కట్టకట్టుకుని హేఫీల్డ్ ఊరి వైపు నుంచి ఎక్కారు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా శిక్ష పడింది. ఆ శిక్షల మీద రేగిన కోపమే పెద్ద ఉద్యమమైంది. 1951లో బ్రిటన్ మొట్టమొదటి నేషనల్ పార్కు వెలిసింది ఈ పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోనే. కొండల మీదా పచ్చిక బీళ్ల మీదా స్వేచ్ఛగా నడిచే హక్కును 2000 సంవత్సరపు చట్టం ఇచ్చింది. 2002 ఏప్రిల్‌లో, ఆ ఘటనకు డెబ్బై ఏళ్లు నిండిన సభలో, ఆ జమీందార్ల వంశానికే చెందిన డెవన్‌షైర్ డ్యూక్ తన తాతగారి కాలపు ప్రవర్తనకు అందరి ముందూ క్షమాపణ చెప్పారు. సోటా పుట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ జనవరిలోనే బ్రిటన్ ప్రభుత్వం కొత్తవాళ్ల కోసం 10 వాట్ల సులువైన హ్యామ్ లైసెన్సు ప్రవేశపెట్టింది. మూడూ ఒకే ఏడాది ముందు నెలల్లో కలిసిరావడం కాకతాళీయమే. కానీ ఆ 10 వాట్ల కొత్తవాడికి కొండ ఎంత అక్కరకు వచ్చిందో చూడండి.

ఊళ్లో ఇంటి డాబా మీద పది మీటర్ల ఎత్తున యాంటెన్నా పెట్టుకున్నాం అనుకుందాం. హ్యామ్‌లు మామూలుగా వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగం ఇంచుమించు చూపు ఆనినంత మేరే సాగుతుంది. భూమి గుండ్రం కాబట్టి పది మీటర్ల ఎత్తు నుంచి దాని దిగంతం 13 కిలోమీటర్లు. అదీ మధ్యలో మేడలు అడ్డు రాకపోతే. అదే రేడియోను కిండర్ మీదికి మోసుకుపోతే, చుట్టూ నేల చదునుగా ఉంటే, దిగంతం 100 కిలోమీటర్లు దాటుతుంది. కంటికి ఆనేది 90. గాలి పొరల్లో తరంగం కాస్త కిందికి వంగుతుంది కనుక రేడియో చూపు కంటిచూపు కన్నా కొంచెం ఎక్కువ. చేతిలో ఉన్నది 5 వాట్ల పెట్టె. మీరిప్పుడు వింటున్న నా మాటలను మోసుకొస్తున్న ట్రాన్స్‌మిటర్ శక్తిని కిలోవాట్లలో లెక్కగడతారు. ఆ 5 వాట్లతోనే ఒక పక్క మాంచెస్టరు, ఇంకో పక్క షెఫీల్డు వినగలవు. లక్షలు పోసి టవరు కట్టినా రాని ఎత్తు, రెండు గంటల నడకకు వస్తుంది. ఆ కూర్చున్న మనిషి పెట్టుకున్న అసలు యాంటెన్నా ఆయన కింద ఉన్న కొండే.

రెండు గంటలని ఊరికే అనలేదు. స్కాట్లండ్ వాడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ కొండనడకవాళ్లు దాన్నే నమ్ముకుంటారు. ప్రతి 5 కిలోమీటర్లకూ గంట. పైకెక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. ఈడేల్ అనే పల్లె దాకా రైలుంది. అక్కణ్ణుంచి జేకబ్స్ ల్యాడర్ అనే రాతిమెట్ల దారిన సుమారు 6 కిలోమీటర్లు, దాదాపు 400 మీటర్ల ఎక్కుడు. వెరసి రెండు గంటలకు కాస్త తక్కువ. వీపున బ్యాటరీ, తీగలు, గెడ, వానకోటు, ఫ్లాస్కులో టీ ఉంటే ఆ కాస్త కూడా చెల్లిపోతుంది. ఎక్కాక కనిపించే తెల్లటి స్తంభం 'కిండర్ లో' అనే చోట ఉంది. 1936లో మొదలుపెట్టి ఆర్డ్‌నెన్స్ సర్వే అనే పటాల సంస్థ వారు బ్రిటనంతటా ఇలాంటి స్తంభాలు వేలకొద్దీ కట్టి దేశాన్ని త్రికోణాలుగా కొలిచారు. మద్రాసులో 1802లో లాంబ్టన్ అనే సర్వేయరు మొదలుపెట్టి, మన గుట్టల మీదుగానే ఉత్తరాదికి సాగించిన కొలత కూడా ఈ పద్ధతిలోదే. ఆ 'కిండర్ లో' చోటు ఎత్తు 633 మీటర్లు. అసలు శిఖరం మూడు మీటర్లు ఎక్కువ, కానీ అది బురదలో ఎక్కడో గుర్తూ గాడీ లేకుండా ఉంటుంది. పొగమంచులో దాన్ని వెతుక్కుంటూ తిరిగే అవసరం లేకుండా ఆ 25 మీటర్ల నిబంధన కాపాడుతుంది. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ, ప్రాణాలు నిలిపే నిబంధన.

ఎత్తు ఎప్పుడూ వరమే అనుకోకండి. కిండరుకు ఉత్తరాన హోమ్ మాస్ అనే గుట్ట మీద 228 మీటర్ల ప్రసార స్తంభం ఉంది. లోయలో ఉన్నప్పుడు దాని జోలి ఉండదు. కొండెక్కితే అది నేరుగా మీ రేడియో మొహంలోకి చూస్తుంది. చవకరకం చేతిరేడియోలకు ఆ హోరులో చెవుడు వస్తుంది. ఎవరో పిలుస్తూనే ఉంటారు, మనకు వినపడదు. ఇక గాలి, చలి. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, వేళ్లు కొయ్యబారుతాయి. వానలో పెన్ను రాయదు, అందుకే పెన్సిలు. ఉరుము వినిపిస్తే ఆట అక్కడితో ఆపేసి గెడ దించి దిగిపోవడమే. మైదానం మధ్యలో పొడుగాటి గెడ పట్టుకుని నిలబడ్డవాణ్ణి పిడుగు వెతుక్కోనక్కర్లేదు.

కిండర్ పక్కన నగరాలున్నాయి కనుక నలుగురు దొరకడం సులువు. స్కాట్లండ్ వాయవ్య మూలన, చుట్టూ మనిషి లేని కొండ మీద కూర్చుంటే చూపు మేర తరంగం ఎవరికి వినబడాలి? అక్కడ 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు కావాలి. ఇవి పైకి పోయి, భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతికి విద్యుదావేశం పొందిన పొరల్లో వంగి మళ్లీ నేలకు దిగుతాయి. 14 మెగాహెర్ట్జ్‌కి యాంటెన్నా అంటే రెండు వైపులా ఐదేసి మీటర్ల మామూలు తీగ, అంతే. పైన పొరలు అనుకూలిస్తే దాంతో, చుక్కలూ గీతల మోర్స్ భాషలో అయితే మరీ సులువుగా, 5 వాట్లతో అట్లాంటిక్ దాటవచ్చు. మార్కోనీ చెప్పిన ప్రకారం 1901 డిసెంబరు 12న సంకేతం ఈ సముద్రాన్ని దాటి చేరింది కూడా కొండ మీదికే. న్యూఫౌండ్‌లండ్‌లోని సిగ్నల్ హిల్ మీద గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, ఇంగ్లండు నుంచి వచ్చే మూడు చుక్కలు విన్నానన్నాడు. నిజంగా విన్నాడా, వినాలన్న ఆశతో విన్నాడా అని ఈనాటికీ వాదిస్తున్నారు. మరుసటి ఏడే కెన్నెలీ, హెవిసైడ్ అనే శాస్త్రజ్ఞులు పైన అద్దంలాంటి పొర ఉండి తీరాలన్నారు. 1924లో యాపిల్టన్ ఉందని రుజువు చేశాడు, 1947లో నోబెల్ అందుకున్నాడు. వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు నడిపిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధనశాల దశాబ్దాలపాటు శోధించింది ఈ పొరలనే. సూర్యుడు పదకొండేళ్లకోసారి రెచ్చిపోతాడు. ఆ రోజుల్లో పొరలు చిక్కబడి కొండమీద వాళ్లకు పండగ. ఒక్కోసారి సౌరజ్వాల ఎగసి పట్టపగలే అంతా నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు ఎంత మంచి కొండైనా ఉత్త కొండే.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతికి వస్తాను. ఫోను చేస్తే మనకు కావలసిన మనిషి పలుకుతాడు. ఇక్కడ ఎవరు పలుకుతారో, అసలు పలుకుతారో లేదో తెలియదు. "సీక్యూ సీక్యూ సోటా" అని పిలిచి ఆగుతాడు. అంటే ఎవరైనా సరే, వింటున్నారా అని. కొండకు నంబరుంటుంది. కిండరుది గోల్ఫ్ స్లాష్ సియెర్రా పాపా జీరో జీరో వన్, అంటే G/SP-001. అది చెప్పి మళ్లీ పిలిచి మళ్లీ ఆగుతాడు. ఎక్కడో ఒక ముసలాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ హోరులోంచి ఈ సన్నటి గొంతు పట్టుకుంటాడు. ఆయన మోకాళ్లు ఇక కొండ ఎక్కనివ్వవు. కానీ చెవులున్నాయి. బలహీనమైన సంకేతాన్ని వినడం ఒక విద్య, ఏళ్ల తరబడి వింటేనే పట్టుబడుతుంది. కాల్ సైనులో, అంటే హ్యామ్ గుర్తింపు పేరులో, సగం వినబడి సగం గాలిలో కలిసిపోతే, మళ్లీ చెప్పించుకుని, రెండు ముక్కలనూ అతికించి రాసుకోవాలి. తర్వాత ఎంత స్పష్టంగా, ఎంత బలంగా వినబడుతోందో అంకెల్లో చెప్పుకుంటారు. ఐదు, తొమ్మిది అంటే బ్రహ్మాండం. మూడు, రెండు అంటే కష్టంగా వినబడుతోందని. మొహమాటానికి అందరికీ ఐదు తొమ్మిది అనేసేవాళ్లూ ఉన్నారు, నాకది నచ్చదు. మొత్తం ఒక నిమిషం పట్టదు. ఆ నిమిషంతో విన్నవాడికీ ఆ కొండ పాయింట్లు దక్కుతాయి. విన్నవాణ్ణి ఇలా సరిసమానంగా లెక్కలోకి తీసుకున్న ఆట నాకు ఇంకోటి తెలియదు. అతను లేకపోతే పైనున్నవాడు ఒంటరిగా గాలితో మాట్లాడి దిగివచ్చినట్టే. అన్నిటికన్నా మోజు శిఖరం నుంచి శిఖరానికి మాట్లాడడం: ఇద్దరూ చలిలోనే, ఇద్దరివీ చిన్న బ్యాటరీలే. ఆల్ప్స్ మీదున్నవాడు, వేల్స్ కొండ మీదున్నవాడు ఒకరికొకరు చిక్కితే, మిగతా చేజర్లు కాసేపు నోరు మూసుకుని దారివ్వడం ఆనవాయితీ.

కొండా రేడియో కలిసిన కథల్లో నాకిష్టమైంది 1953 నాటిది. టెన్సింగ్, హిల్లరీ మే 29న ఎవరెస్టు ఎక్కారు. టైమ్స్ పత్రిక విలేకరి జేమ్స్ మోరిస్ ఆ వార్తను రహస్య సంకేతంలో రాసి, కాలినడకన మనిషినిచ్చి నామ్చే బజారు పంపాడు. అక్కడ భారత పోలీసుల వైర్‌లెస్ ఠాణా ఉంది. కాగితం మీద ఉన్నది మంచు పరిస్థితి బాగాలేదన్న అర్థం వచ్చే మాటలు. వాటి అసలు అర్థం శిఖరం దక్కిందని. మనవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు కాట్మండుకు పంపేశారు, తమ చేతుల మీదుగా ఏం పోయిందో తెలియకుండానే. జూన్ 2న, రాణి పట్టాభిషేకం నాటి ఉదయం, లండన్‌లో ఆ వార్త వెలువడింది.

ఇలాంటి సరదాలు అక్కరకొచ్చే రోజు కూడా ఒకటుంటుంది. 2004 డిసెంబరులో మన హైదరాబాదులోని జాతీయ హ్యామ్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి ప్రపంచ హ్యామ్‌లతో మాట్లాడేందుకు పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. దూరదేశాల హ్యామ్‌లకు అండమాన్ దొరకడమంటే అపురూపం. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అంతకు ముందురోజు దాకా సరదా పిలుపులకు వాడిన ఆ యాంటెన్నాలతోనే, ఎవరు బతికున్నారో ఎక్కడున్నారో కబుర్లు ఒడ్డుకు చేరాయి.

మనకు తూర్పు కనుమలున్నాయి, తెలంగాణ గుట్టలున్నాయి. ఈ సరదా పట్టుకోవాలనుకునేవాళ్లు ముందు లైసెన్సు సంపాదించాలి. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పెట్టే పరీక్ష అది. వయసు 12 నిండితే చాలు, అక్కడినుంచి పై పరిమితి లేదు. హైదరాబాదు సంస్థ శిక్షణ ఇస్తుంది. మన కొండల్లో చాలావరకు రిజర్వు అడవులు. అటవీ శాఖవారిని అడిగి, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, ఎండ ముదరకముందే ఎక్కాలి. అక్కడ మంచుకు ఫ్లాస్కులో టీ అన్నాను, ఇక్కడ మంచినీళ్లు రెట్టింపు పట్టుకెళ్లండి. తీగ కట్టేటప్పుడు కోతులను ఒక కంట కనిపెట్టి ఉండండి. మన కొండల మీద సాధారణంగా గుడి ఉంటుంది, గుడికి కరెంటూ ఉంటుంది. ఆ ప్లగ్గులో వైరు పెట్టడం మాత్రం ఈ ఆటలో ఒప్పుకోరు.